గ్లాసును బట్టి బాస్కెట్, బాస్కెట్‌ను బట్టి పొడి: ఇంటి ఎస్ప్రెస్సోకు ఎన్ని గ్రాములు వేయాలి?

మీరు అడిగిన దానిని ముందుగా క్లుప్తంగా రాస్తాను. ఇదే ఇబ్బంది పడుతున్న మరికొందరికి కూడా ఈ సమాధానం ఉపయోగపడవచ్చు. హనుమకొండలోని మీ ఇంట్లో 58 మిల్లీమీటర్ల పోర్టాఫిల్టర్ (పొడి ఉన్న బాస్కెట్‌ను పట్టి ఉంచి మెషిన్‌కు బిగించే పిడి) ఉన్న ఎస్ప్రెస్సో మెషిన్, అంటే వేడినీటిని ఒత్తిడితో పొడి గుండా పంపి చిక్కటి కాఫీ తీసే యంత్రం, చేత్తో తిప్పే మంచి గ్రైండర్ ఉన్నాయి. మెషిన్‌తో పాటు నాలుగు బాస్కెట్లు (పొడి వేసే, అడుగున రంధ్రాలున్న గిన్నెలు) వచ్చాయి: ఒత్తిడిని తామే పుట్టించే ప్రెజరైజ్డ్ రకంలో సింగిల్, డబుల్, మామూలు రకంలో సింగిల్, డబుల్. వీడియోల్లో చెప్పినట్టు మామూలు డబుల్ బాస్కెట్‌లో 18 గ్రాములు వేస్తే కాఫీ చుక్క చుక్కగా కారి చేదెక్కుతోంది. 12 గ్రాములకు తగ్గిస్తే పది సెకన్లలోనే కప్పు నిండి, పుల్లగా, పలుచగా ఉంటోంది. మీకు పాలు లేని కాఫీ, అమ్మకు స్టీలు గ్లాసు నిండా పాలకాఫీ, కాఫీ తగ్గించమని డాక్టర్ చెప్పిన మీ బాపుకు కొద్దిగా మాత్రమే కావాలి. ఏ బాస్కెట్ వాడాలి, ఎన్ని గ్రాములు వేయాలి, 20 గ్రాముల ఖరీదైన బాస్కెట్ కొనాలా వద్దా అన్నవి మీ సందేహాలు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ మామూలు డబుల్ బాస్కెట్ 14 గ్రాముల బాస్కెట్ అయి ఉంటుంది. అందులో 14 గ్రాములే వేయండి, ఆ అంకెను కొన్ని వారాల పాటు కదిలించకండి, మిగిలిన సవరణలన్నీ గ్రైండర్‌తోనే చేయండి. సింగిల్ బాస్కెట్‌ను పక్కన పెట్టండి. 20 గ్రాముల బాస్కెట్ ఇప్పుడు కొనవద్దు. మీ మెషిన్‌లో గానీ గ్రైండర్‌లో గానీ లోపం ఉన్నట్టు నాకు కనిపించడం లేదు.

18 గ్రాములతో ఏం జరిగిందో చూద్దాం. నొక్కిన పొడి బిళ్లకూ, పైన నీళ్లు చల్లే జల్లెడ అయిన షవర్ స్క్రీన్‌కూ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. నీళ్లు మొదట ఆ ఖాళీలో నిండి, పొడి అంతటా సమంగా తడిసి, పొడి కొద్దిగా ఉబ్బిన తరువాతే ఒత్తిడి పూర్తిగా ఎక్కాలి. 14 గ్రాముల కోసం చేసిన బాస్కెట్‌లో 18 గ్రాములు కుక్కితే ఆ ఖాళీ ఉండదు. పోర్టాఫిల్టర్ బిగించేటప్పుడే పొడి బిళ్ల స్క్రీన్‌కు ఒరుసుకుని పైభాగం చిట్లుతుంది, ఉబ్బడానికి చోటు లేక మరింత గట్టిపడుతుంది. పైగా బిళ్ల ఎత్తు పెరిగిన కొద్దీ నీటికి అడ్డు పెరుగుతుంది. అందుకే కొన్ని చోట్ల నీరు అసలు దిగదు, చిట్లిన చోట మాత్రం దారి చేసుకుని దూసుకుపోతుంది. ఆ దారిలోని పొడి అతిగా పిండబడి చేదునిస్తుంది, మిగిలిన పొడి సగం పచ్చిగానే ఉండిపోతుంది. మీ కప్పులో చేదుతో పాటు ఒక వగరు కూడా తగిలి ఉంటే దానికి కారణం ఇదే. 12 గ్రాములకు దిగినప్పుడు గ్రైండర్ అమరికను మీరు మార్చలేదని రాశారు. పొడి ఎత్తు మూడో వంతు తగ్గితే నీటికి అడ్డు కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి షాట్ (ఒకసారి తీసే కాఫీ) పది సెకన్లలో అయిపోవడంలో ఆశ్చర్యం లేదు. రెండు ప్రయత్నాల్లోనూ మారింది గ్రాములే అయినా, నిజానికి మీరు అడ్డును మార్చారు, అడ్డుతో పాటు సమయాన్నీ, సమయంతో పాటు రుచినీ మార్చారు. అందుకే గ్రాములతో రుచిని సరిచేయాలనుకునేవారు ఎన్నాళ్లైనా ఒక తీరుకు రాలేరు.

బాస్కెట్ మీద 14 అనో 18 అనో రాసి ఉంటే, ఆ బరువు వేసినప్పుడు తగినంత ఖాళీ మిగిలేలా దాన్ని చేశారని అర్థం. మంచి తయారీదారులు ఆ అంకెకు ఒక గ్రాము అటూ ఇటూగా వాడుకోవచ్చని చెబుతారు. మెషిన్‌తో వచ్చే బాస్కెట్ల మీద చాలాసార్లు ఏ అంకే ఉండదు, అప్పుడు మనమే తేల్చుకోవాలి. దీనికి రూపాయి నాణెం చాలు. నాణేన్ని సబ్బుతో కడిగి, వేడినీళ్లలో మరిగించి తుడవండి. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాంటా మీద 14 గ్రాముల పొడి తూచి బాస్కెట్‌లో వేసి, సమం చేసి, ట్యాంపర్‌తో (పొడిని అదిమే గుండ్రటి పనిముట్టు) నొక్కండి. పొడి మధ్యలో నాణేన్ని బల్లపరుపుగా పెట్టి, నీళ్లు వదలకుండా పోర్టాఫిల్టర్‌ను గ్రూప్ హెడ్‌కు (మెషిన్‌లో నీళ్లు దిగే భాగం) పూర్తిగా బిగించి, మళ్లీ మెల్లగా విప్పి చూడండి. నాణెం పైపైన మాత్రమే ఆనుకుని దాని అంచు ముద్ర లీలగా కనిపిస్తే, లేదా అసలు కదలకుండా ఉంటే, ఖాళీ సరిపోయినట్టే. నాణెం పొడిలోకి దిగబడి పోయి ఉంటే గ్రాములు ఎక్కువయ్యాయి, అర గ్రాము తగ్గించి మళ్లీ చూడండి. కొన్ని మెషిన్లలో షవర్ స్క్రీన్‌ను పట్టి ఉంచే మర మధ్యలో కిందికి పొడుచుకు వచ్చి ఉంటుంది. మీదీ అలాంటిదే అయితే నాణేన్ని మధ్యలో కాకుండా కొంచెం పక్కకు పెట్టాలి, లేకపోతే మర చేసిన గుంటను చూసి పొడి ఎక్కువైందని పొరపడతారు. ఈ పరీక్షకు వాడిన పొడిని పారేయనవసరం లేదు, నాణెం తీసి, పొడిని కదిపి మళ్లీ నొక్కితే షాట్‌కు పనికొస్తుంది.

ఈ పరీక్షను గింజలు మార్చిన ప్రతిసారీ చేయడం మంచిది, ఎందుకంటే 14 గ్రాములు అన్ని గింజల్లోనూ ఒకే చోటు ఆక్రమించవు. బాగా నల్లగా వేయించిన గింజలో తేమ ఎక్కువగా పోయి, గింజ ఉబ్బి తేలికవుతుంది. అదే బరువుకు దాని పొడి ఎక్కువ చోటు తీసుకుంటుంది. లేతగా వేయించిన గింజ గట్టిగా, బరువుగా ఉంటుంది కాబట్టి పొడి బాస్కెట్‌లో కిందికే ఉంటుంది. అరకు లోయ నుంచో చిక్కమగళూరు నుంచో వచ్చిన అరబికా రకం గింజలను మధ్యస్థంగా వేయించి అమ్మితే మీ బాస్కెట్‌లో 14 గ్రాములు చక్కగా కూర్చోవాలి. అదే మాన్‌సూన్డ్ మలబార్ అనే రకం అయితే, పడమటి తీరంలో వానాకాలపు తేమగాలికి పరచి ఉంచడం వల్ల గింజ ముందే ఉబ్బి ఉంటుంది కనుక, దాన్ని నల్లగా వేయించినప్పుడు 13 గ్రాములకే బాస్కెట్ నిండినట్టు కనిపించవచ్చు. ఒక గ్రాము తేడాకు లోపల ఎంత మారుతుందో తెలియనివారు స్కూపుతో కొలిచి వేస్తుంటారు. ఎస్ప్రెస్సోలో స్కూపు కొలతను నేను అసలు సమ్మతించను. కాంటా లేకుండా ఈ సమాధానంలోని ఒక్క మాటా మీకు పనికిరాదు.

ఎక్కువ గ్రాములు వేస్తేనే కాఫీ చిక్కగా వస్తుందని మీరు రాసిన మాట దగ్గర కొంచెం ఆగాలి. చాలామందిని పెద్ద బాస్కెట్ల వైపు నడిపించేది ఈ నమ్మకమే. ఎస్ప్రెస్సో చిక్కదనాన్ని నిర్ణయించేది పొడికీ కప్పులోకి దిగిన ద్రవానికీ ఉన్న పాళ్లు. కాఫీపొడిలో సుమారు ఐదో వంతు నీటిలో కరిగి కప్పులోకి వచ్చిందనుకుందాం, మంచి షాట్‌లో 18 నుంచి 22 శాతం వరకు కరుగుతుంది. 18 గ్రాముల పొడి నుంచి 36 గ్రాముల కాఫీ తీస్తే అందులో కరిగిన సారం 3.6 గ్రాములు, అంటే పది శాతం. 14 గ్రాముల పొడి నుంచి 28 గ్రాముల కాఫీ తీస్తే సారం 2.8 గ్రాములు, అదీ పది శాతమే. రెండు కప్పులూ నాలుకకు ఒకే చిక్కదనంతో తగులుతాయి, రెండోది ఎనిమిది గ్రాములు తక్కువ, అంతే. మీకు మరింత చిక్కగా కావాలంటే 14 గ్రాముల నుంచి 28కి బదులు 21 గ్రాములు తీసుకోండి, తేలికగా కావాలంటే 35 తీసుకోండి. నల్లగా వేయించిన గింజలకు ఒకటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు నప్పుతాయి. లేతగా వేయించినవి ఒకటికి రెండున్నర, ఒక్కోసారి మూడు పాళ్లు కూడా కోరుకుంటాయి, వాటి సారం అంత తొందరగా దిగదు. ద్రవాన్ని మిల్లీలీటర్లలో కాకుండా గ్రాముల్లోనే, కప్పును కాంటా మీద పెట్టి కొలవండి. తాజా గింజల క్రెమా (కాఫీ పైన తేలే నురుగు) పొంగి గీతల కప్పులో కొలతను తప్పిస్తుంది.

కాబట్టి బాస్కెట్ ఎంపికను గ్లాసు వైపు నుంచి మొదలుపెట్టాలి. ఇంట్లో ఎవరికి ఎంత కాఫీ కావాలి, అందులో పాలు ఎన్ని, ఒకేసారి ఎన్ని గ్లాసులు అన్నది తేలితే బాస్కెట్ దానంతటదే తేలుతుంది. మీ విషయంలో లెక్క ఇలా వస్తుంది. అమ్మగారి స్టీలు గ్లాసు సుమారు 150 మిల్లీలీటర్లు అనుకుంటే, 14 గ్రాముల షాట్‌లోని 28 గ్రాముల కాఫీకి 120 మిల్లీలీటర్ల పాలు కలుస్తాయి. గ్లాసులో కాఫీ సారం రెండు శాతానికి కొంచెం తక్కువగా ఉంటుంది. చిక్కటి గేదెపాలలో కూడా కాఫీ రుచి తెలియడానికి ఇది చాలు. డికాక్షన్ కాఫీకి అలవాటుపడినవారికి ఇది పలుచన అనిపిస్తే పాలు ఇరవై మిల్లీలీటర్లు తగ్గించండి, పొడి పెంచవద్దు. మీకు పాలు లేని కాఫీ కావాలి కనుక ఇంకొక 14 గ్రాముల షాట్ పూర్తిగా మీదే.

మీ బాపు విషయంలో సగం షాట్ మంచి మార్గం. రెండు మూతులున్న పోర్టాఫిల్టర్ కింద రెండు చిన్న గ్లాసులు పెడితే 14 గ్రాముల షాట్ చెరి సగంగా దిగుతుంది. ఒకటి బాపుకు పాలతో, రెండోది మీకో అమ్మగారికో అదనంగా. మూతులు సరిగ్గా సగం పంచవు కాబట్టి మొదట్లో రెండు గ్లాసులనూ తూచి చూడండి. డాక్టర్ తగ్గించమన్నది కెఫీన్ కోసమే అయితే గ్రాముల కన్నా గింజ రకం ముఖ్యమైనది. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో సుమారు 2.2 శాతం ఉంటుంది. అంటే 14 గ్రాముల అరబికాలో మొత్తం 170 మిల్లీగ్రాముల లోపు, అదే బరువు రోబస్టాలో 300 మిల్లీగ్రాములకు పైనే. క్రెమా బాగా రావాలని మన దేశంలో అమ్మే చాలా ఎస్ప్రెస్సో మిశ్రమాల్లో రోబస్టా కలుపుతారు. ఇంట్లో అందరికీ ఒకే సంచి గింజలు వాడుతున్నారు కాబట్టి, ఆయన కోసం పూర్తి అరబికా తెప్పించడం సింగిల్ బాస్కెట్ కన్నా మేలైన జాగ్రత్త. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు పరవాలేదని సాధారణంగా చెబుతారు, కానీ ఆయన విషయంలో డాక్టర్ చెప్పిన మాటే ప్రమాణం.

సింగిల్ బాస్కెట్‌ను ఎందుకు పక్కన పెట్టమన్నానో దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే అర్థమవుతుంది. పైన 58 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, సగం నుంచి ఒక్కసారిగా గరాటులా సన్నబడి, అడుగున చిన్న వృత్తంలో మాత్రమే రంధ్రాలు ఉంటాయి. 7 గ్రాముల పొడిలో కొంత ఆ గుంటలో లోతుగా, మిగిలినది చుట్టూ వాలు మీద పలుచగా ఉంటుంది. ట్యాంపర్ పై అంచును ఒకలా, నడుమను మరోలా నొక్కుతుంది. నీరు వాలు వెంట జారి, లోతైన చోట అందవలసినంత అందదు. దానికోసం గ్రైండర్‌ను కూడా వేరే అమరికకు మార్చాలి, ఉదయం పూట డబుల్‌కూ సింగిల్‌కూ మధ్య గ్రైండర్‌ను అటూ ఇటూ తిప్పుతూ ఉంటే రెండూ పాడవుతాయి. ఇటలీ కాఫీ బార్లలో ఏళ్ల తరబడి రోజంతా అదే పని చేసేవారు సింగిల్‌ను అద్భుతంగా తీస్తారు. వారికి సింగిల్‌ కోసం వేరే గ్రైండరో, కొలిచి వదిలే పరికరమో ఉంటుంది. ఇంట్లో దాని అవసరం లేదు.

ప్రెజరైజ్డ్ బాస్కెట్ల గురించి ఎక్కువ రాయను. వాటి లోపలి గోడకు మామూలుగానే రంధ్రాలున్నా, బయటి అడుగున ఒకే ఒక సన్నని రంధ్రం ఉంటుంది. ఒత్తిడిని పొడి కాకుండా ఆ రంధ్రమే పుట్టిస్తుంది, పైన కనిపించే నురుగు కూడా ఎక్కువగా దాని పుణ్యమే. గ్రైండర్ లేనివారికి, ముందే పొడి చేసి అమ్మే కాఫీ కొనేవారికి అవి ఆదుకుంటాయి. మీ దగ్గర మంచి గ్రైండర్ ఉంది కాబట్టి వాటితో మీకు పని లేదు. అమ్మగారు పాత అలవాటు కొద్దీ తెప్పించే చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీపొడిని మాత్రం మామూలు ఎస్ప్రెస్సో బాస్కెట్‌లో వేయకండి. చట్ట ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండవచ్చు. చికోరీ తడిసినప్పుడు నీటిని పట్టి ఉంచి జిగటగా మారుతుంది, స్టీలు ఫిల్టర్‌లో మెల్లగా దిగడానికి ఆ గుణమే మంచిది, ఒత్తిడితో నడిచే సన్నని రంధ్రాల బాస్కెట్‌లో మాత్రం అది అడ్డుపడుతుంది. ఆ పొడికి ఆ ఫిల్టరే సరైన చోటు.

కరీంనగర్‌లోని మీ బావగారు 51 మిల్లీమీటర్ల చిన్న మెషిన్‌లో 14 గ్రాములే వేస్తారనీ, అది తక్కువేమోననీ అడిగారు. తక్కువ కాదు. గుండ్రటి బాస్కెట్ వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 58 మిల్లీమీటర్ల బాస్కెట్ 51 కన్నా దాదాపు 30 శాతం పెద్దది. 58లో 18 గ్రాములు ఎంత ఎత్తు నిలుస్తాయో, 51లో 14 గ్రాములు సుమారు అంతే ఎత్తు నిలుస్తాయి. 54 మిల్లీమీటర్ల మెషిన్లకు అదే ఎత్తు పదిహేనున్నర గ్రాముల దగ్గర వస్తుంది. నీటికి పొడి ఇచ్చే అడ్డులో ఎత్తుదే పెద్ద పాత్ర. అందువల్ల వేరే వ్యాసం ఉన్న మెషిన్ వాడేవారి గ్రాములను గానీ, గ్రైండర్ అంకెలను గానీ మనం అరువు తెచ్చుకోకూడదు. వీడియోల్లో చెప్పే అంకెలతో వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

మరి అందరూ 18 అనే ఎందుకంటారు? ఎస్ప్రెస్సో పుట్టిన ఇటలీలో అంకె 7 గ్రాములు, డబుల్ అయితే 14. అకిల్లే గాజియా 1940లలో తెచ్చిన, చేతిపిడి లాగి నడిపే లివర్ మెషిన్, 1961లో ఫైమా సంస్థ తెచ్చిన ఇ61 మెషిన్ అన్నీ ఆ కొలతల చుట్టూ పెరిగినవే. ఇటలీ జాతీయ ఎస్ప్రెస్సో సంస్థ 7 గ్రాముల పొడి, 9 బార్ల ఒత్తిడి (మామూలు గాలి ఒత్తిడికి సుమారు తొమ్మిది రెట్లు), సుమారు 25 సెకన్లు, కప్పులో సుమారు 25 మిల్లీలీటర్లు అని నిర్దేశించింది. తరువాత ఇతర దేశాల కేఫులలో పెద్ద కప్పులు, ఎక్కువ పాలు, లేత రోస్టులు వచ్చాయి. పెద్ద కప్పు పాలలో కాఫీ రుచి మునిగిపోకుండా ఉండడానికి డబుల్ బాస్కెట్ 18, 20, 22 గ్రాములకు పెరిగింది. ఆ కేఫుల్లో నేర్చుకున్నవారు వీడియోలు చేశారు కాబట్టి 18 మనకు శాసనంలా వినిపిస్తోంది. వారి గ్లాసు 250 మిల్లీలీటర్లు, మీ అమ్మగారిది 150.

తక్కువ పొడికి ఇంకొక సమర్థన కూడా ఉంది. 2020లో కొందరు గణిత, రసాయన శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన పరిశోధనలో, పొడిని ఒక హద్దు దాటి మెత్తగా చేస్తే సారం పెరగకపోగా తగ్గుతుందనీ, ఆ హద్దు తరువాత నీరు పొడి అంతటా సమంగా పారడం లేదనీ తేలింది. 20 గ్రాములకు బదులు 15 గ్రాములు తీసుకుని, కొంచెం బరకగా విసిరి, తక్కువ సమయంలో షాట్ తీస్తే ఫలితం ప్రతిసారీ ఒకేలా ఉంటోందని వారు చూపించారు. మరీ బరకగా, వేగంగా తీసే ఆ పద్ధతిలో నాకు కొంచెం చిక్కదనం లోపిస్తుంది కాబట్టి నేను దాన్ని పూర్తిగా అనుసరించను, కానీ చిన్న మోతాదుతో నిలకడ వస్తుందన్న మాటను మనస్ఫూర్తిగా అంగీకరిస్తాను. ఖర్చు కూడా చూడండి: రోజుకు రెండు షాట్లకు 18 గ్రాముల చొప్పున 250 గ్రాముల సంచి వారానికి చాలదు, 14 చొప్పున దాదాపు తొమ్మిది రోజులు వస్తుంది. గింజలను కొరియర్‌లో తెప్పించుకునే మనలాంటివారికి ఆ రెండు రోజుల తేడా చిన్నది కాదు.

ఇక వీఎస్‌టీ, ఐఎంఎస్ వంటి సంస్థలు చేసే ఖరీదైన ప్రెసిషన్ బాస్కెట్ల సంగతి. వాటి రంధ్రాలన్నీ ఒకే కొలతలో, అడుగు అంచుదాకా సమంగా ఉంటాయి, గోడలు నిటారుగా ఉంటాయి. ఆ గుణాల వల్ల నీరు సమంగా పారడానికి వీలుంటుంది, అయితే పొడి కూడా సమంగా ఉంటేనే. వాటిలో నీరు సాధారణంగా వేగంగా దిగుతుంది కాబట్టి గ్రైండర్ ఇప్పటికన్నా మెత్తగా విసరగలగాలి. పొడి పరచడంలో తేడా ఉంటే మామూలు బాస్కెట్ కొంత సర్దుకుంటుంది, ఇవి సర్దుకోవు. ముందు మీ చేతి పని స్థిరపడనివ్వండి. అప్పుడు కూడా 20 కాదు, 18 గ్రాములది తీసుకోండి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసే ముందు బాస్కెట్ ఎత్తు మీ పోర్టాఫిల్టర్‌లో పడుతుందో లేదో కొలవండి, అడుగున మూతులున్న కొన్ని పోర్టాఫిల్టర్లలో లోతైన బాస్కెట్ పూర్తిగా కూర్చోదు.

ఇప్పుడు 14 గ్రాములను స్థిరంగా పెట్టి ఏం చేయాలో చెబుతాను. గింజలను తూచి విసరండి, విసిరిన తరువాత బాస్కెట్‌లో మళ్లీ తూచండి. గ్రైండర్ లోపల అర గ్రాము దాకా నిలిచిపోవడం మామూలే. వరంగల్ వేసవిలో గాలి ఎండిపోయినప్పుడు పొడి విద్యుదావేశంతో గ్రైండర్ గోడలకు అంటుకుని బయటికి రాదు. విసిరే ముందు తడి చెంచాతో గింజలను ఒకసారి కలిపితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. పొడిని బాస్కెట్‌లో వేశాక సన్నని సూదుల వంటి పనిముట్టుతో అడుగుదాకా మెల్లగా కదిపి గడ్డలు విడదీయండి. పోర్టాఫిల్టర్‌ను బల్ల మీద నెమ్మదిగా రెండుసార్లు తట్టి, ట్యాంపర్‌ను సమంగా పట్టి నొక్కండి. ఎంత బలంగా నొక్కారన్నది అంత ముఖ్యం కాదు, పొడి ఇక కిందికి దిగనంతవరకు నొక్కితే చాలు. ట్యాంపర్ వంగితే మాత్రం నీరు పలుచటి వైపుకు మొగ్గుతుంది. మెషిన్‌తో వచ్చిన ప్లాస్టిక్ ట్యాంపర్ బాస్కెట్ కన్నా చిన్నదిగా ఉండి అంచున పొడి నొక్కకుండా మిగిలిపోతుంటే, దానికి సరిపడే లోహపు ట్యాంపర్ కొనండి. 20 గ్రాముల బాస్కెట్ కోసం దాచిన డబ్బును దీని మీద ఖర్చు చేయడం నేను సమర్థిస్తాను.

షాట్ మొదలైనప్పటి నుంచి 28 గ్రాములు దిగేవరకు 25 నుంచి 30 సెకన్లు లక్ష్యంగా పెట్టుకోండి. మొదట ముదురు గోధుమరంగు చుక్కలు కనిపించి, తరువాత సన్నని తేనెధారలా మారి, చివరికి రంగు లేతబడాలి. 20 సెకన్ల లోపే అయిపోయి పుల్లగా ఉంటే గ్రైండర్‌ను ఒక గీత మెత్తవైపు తిప్పండి, 40 సెకన్లు దాటి చేదుగా ఉంటే బరకవైపు తిప్పండి. సమయం సరిగ్గా ఉండి కూడా పుల్లదనం పోకపోతే, అదే అమరికతో 28కి బదులు 32 గ్రాములు తీయండి, చేదు మిగిలితే 25 దగ్గర ఆపండి. ఒకేసారి రెండింటినీ మార్చకండి. కొత్త సంచి విప్పినప్పుడు, గింజలు పాతబడుతున్నప్పుడు, వానాకాలం మొదలై గాలిలో తేమ పెరిగినప్పుడు గ్రైండర్‌ను మళ్లీ కొంచెం సరిచేయాల్సి వస్తుంది, గ్రాములు మాత్రం 14 దగ్గరే ఉంటాయి.

మన ప్రాంతపు బోరునీళ్లలో ఖనిజాలు ఎక్కువ. వాటినే మెషిన్‌లో పోస్తుంటే షవర్ స్క్రీన్ రంధ్రాల్లో తెల్లటి సున్నపు పొర పేరుకుని, నీరు ఒకవైపే పడుతుంది. పొడిని ఎంత శ్రద్ధగా పరిచినా ఒకపక్కే తడుస్తోందని అనిపిస్తే ముందు స్క్రీన్ విప్పి చూడండి. షాట్ అయ్యాక బాస్కెట్‌లో పొడి బురదలా ఉంటోందని కూడా రాశారు. చిన్న మెషిన్లలో చాలావాటికి షాట్ తరువాత ఒత్తిడిని బయటికి వదిలే వాల్వ్ ఉండదు కాబట్టి పొడి మీద నీళ్లు మిగులుతాయి. రుచి బాగుంటే దాన్ని పట్టించుకోనక్కరలేదు, దానికోసం గ్రాములు పెంచనూ వద్దు. కానీ అలాంటి మెషిన్‌లో షాట్ ఆగిన వెంటనే పోర్టాఫిల్టర్‌ను విప్పకండి. లోపల మిగిలిన ఒత్తిడికి వేడి పొడి చేతుల మీదికి చిమ్ముతుంది. అర నిమిషం ఆగి, నీళ్లు కారడం పూర్తిగా నిలిచాక, మొదట కొద్దిగా వదులు చేసి, బుసమనే చప్పుడు ఆగిన తరువాత పూర్తిగా తీయండి. మీ బాపుగానీ అమ్మగారుగానీ సొంతంగా కాఫీ పెట్టుకునే ముందు ఈ ఒక్క విషయం వారికి చేసి చూపించండి.